సన్న సెగ

పోయిన శనివారం డెన్వరు శివార్లలో, కొండలకు వెళ్ళేవాళ్ళ సామాన్లు అమ్మే కొట్టుకు వెళ్ళాను. క్యాంపుకు పట్టుకెళ్ళే స్టవ్వు కొనాలి. కొట్లో కుర్రాడు మర్యాదస్తుడు, పనంటే ఇష్టమున్నవాడు. నాలుగు స్టవ్వులు బల్లమీద వరసగా పెట్టి నాలుగింటి గురించీ ఒకే సంగతి చెప్పాడు. ఇది లీటరు నీళ్ళు మూడున్నర నిమిషాల్లో మరిగిస్తుంది, ఇది నాలుగు, ఇది మూడే. సిమ్‌లో పెడితే అరగంట నిలుస్తుందా అని అడిగాను. ప్రశ్న అతనికి అందలేదు. ఇంకోసారి విడమరిచి అడిగితే, క్యాంపులో అంతసేపు ఎవరు వండుతారు, ప్యాకెట్లో వేడినీళ్ళు పోసుకుని తినేస్తారు కదా అన్నాడు.

ఆ మాట వారం నుంచీ నన్ను వదలడం లేదు. అట్టపెట్టెల మీదా అదే లెక్క, ప్రకటనల్లోనూ అదే లెక్క: నీళ్ళు ఎన్ని నిమిషాల్లో మరుగుతాయి? నీళ్ళు మరిగించడం వంట కాదు. వంటకు అది మొదలు మాత్రమే. ఎసరు మరిగాక మంట తగ్గించాలి, ఆ తగ్గించిన మంట తగ్గినంతలోనే ఉండాలి. అన్నం ఉమ్మగిలేది అప్పుడు, పప్పు మెత్తబడేది అప్పుడు, పులుసు చిక్కబడేది అప్పుడు. ఇంట్లోకి సిమ్ లేని గ్యాసు పొయ్యి మనవాళ్ళలో ఒక్కరైనా కొంటారా?

కిందటేడు ఇదే తప్పు చేశాం. గ్యాసు డబ్బా నెత్తిన మర బిగించుకునే చిన్న స్టవ్వు కొన్నాం. అరచేతిలో పట్టేంత. దాన్ని పట్టుకుని రాకీ పర్వతాల నేషనల్ పార్కులో మొరైన్ పార్క్ క్యాంపుకు వెళ్ళాం. సుమారు 8,100 అడుగుల ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్ళు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు. లీటరు చెప్పినంత వేగంగానే మరిగింది, నిజమే. కానీ మంట రూపాయి బిళ్ళంత వెడల్పు. గిన్నె నడిమధ్య అన్నం మాడిపోయింది, అంచుల్లో పలుకు. కంద ముక్కలు గంట ఉడికినా చెంచాకు లొంగలేదు. మీట కొంచెం తిప్పితే మంట ఆరిపోతుంది, వదిలితే భగ్గుమంటుంది. మధ్యలో ఏమీ లేదు.

తెల్లారేసరికి ఇంకో చిక్కు. డబ్బా ఊపితే లోపల గ్యాసు ద్రవం గలగలమంటోంది, మంట మాత్రం నీరసంగా వస్తోంది. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది. ఐసోబ్యూటేన్ మైనస్ 11 దాకా పనిచేస్తుంది. ప్రొపేన్ ఒక్కటే మైనస్ 42 దాకా. చలిచోటికి వెళ్ళేవాళ్ళు అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది ఇది. పక్క గుడారపు పెద్దాయన వచ్చి, గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పోసి డబ్బాను అందులో కూర్చోబెట్టమన్నాడు. మంట లేచింది. అడగకుండానే వచ్చి సాయం చేసే ఈ గుణం ఈ దేశపు అడవుల్లో నేను చాలాసార్లు చూశాను, ప్రతిసారీ మనసు నిండుతుంది.

నిప్పు విషయంలో వీళ్ళ క్రమశిక్షణ కూడా నాకు గౌరవమే. కట్టెల మంట నిషేధించిన రోజుల్లో కూడా మీట తిప్పి ఆర్పగలిగే గ్యాసు స్టవ్వుకు మామూలుగా అనుమతి ఉంటుంది, ఎండుపుల్లల మంటకు ఉండదు. ఎందుకో 2020లో కళ్ళారా చూశాం. కామెరాన్ పీక్ మంటలు 2 లక్షల ఎకరాలకు పైగా కాల్చాయి. అదే ఏడు అక్టోబరులో ఈస్ట్ ట్రబుల్సమ్ మంటలు మేం వెళ్ళిన ఈ పార్కులోకే వచ్చి, కొండల శిఖరాలు కూడా దాటాయి. మా ఇంటి కిటికీ అంచున రోజూ బూడిద పేరుకునేది.

అయినా మా ఊరి వనభోజనాలను మొరటు పని అంటే ఒప్పుకోను. అమలాపురం దాటి ముమ్మిడివరం వైపు మా ఊరు. కార్తీకంలో కొబ్బరితోటలో ఉసిరిచెట్టు దగ్గర మూడు ఇటుకలు పెడితే పొయ్యి. ఏ కొట్టుకూ వెళ్ళక్కర్లేదు. మా మేనత్త దగ్గర మంటకు మూడు అంతస్తులు ఉండేవి. ఎసరు పెట్టడానికి ఎండిన కొబ్బరి మట్టలు, భగ్గున మండుతాయి. కూర మగ్గడానికి చిప్పలు, గట్టి నిప్పవుతాయి. ఆ తరవాత కొబ్బరి పీచు డొక్కలు, మంట లేకుండా గంటలు గంటలు కుములుతాయి. కంద బచ్చలి కూర ఆ డొక్కల సెగమీదే ఉడికేది. కంద ఆ తోటలోదే, కొబ్బరిచెట్ల మధ్య వేసింది. "నిప్పుని కంగారు పెట్టకే" అనేది అత్త. ఆవిడ చెయ్యి ఏ మీటకన్నా నమ్మకమైనది.

పోలిక ఇక్కడిదాకా బాగానే నడుస్తుంది. ఆ పొగకు అత్త కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవన్న సంగతి తలుచుకోగానే ఆగిపోతుంది. దగ్గు ఆవిడ్ని చివరిదాకా వదల్లేదు. పైగా నిప్పు మాకు ఎప్పుడూ చెప్పినట్టు వినలేదు. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర గ్యాసు బావి ఎగదన్ని 65 రోజులు మండింది. రాత్రిళ్ళు మా డాబామీద నుంచి పడమటి ఆకాశం ఎర్రగా కనపడేది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గొట్టం నుంచి కారిన గ్యాసు అంటుకుని 20 మందికి పైగా పోయారు. తెల్లవారుజామున ఎవరో టీ పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పుడు చెప్పుకున్నారు. పొద్దున్నే స్టవ్వు వెలిగించే ముందు ఇప్పటికీ నేను ఒక్క క్షణం ఆగి వాసన చూస్తాను.

ఇంకొకటి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను. కోనసీమలో వందల ప్రాణాలు పోయాయి, కొబ్బరిచెట్లు లెక్కలేనన్ని పడ్డాయి. తెల్లారేసరికి మా వంటిల్లు లేదు. అగ్గిపెట్టెలు నానిపోయాయి, కిరోసిన్ డబ్బా నీళ్ళపాలైంది. వీధి చివర ఒకరి అటకమీద పొడిగా మిగిలిన కొబ్బరి పీచు దొరికింది, ఎవరిదో లైటరు ఒక్కసారి వెలిగింది. అత్త ఆ నిప్పును కూలిన గోడ ఇటుకల మధ్య పెట్టి, బూడిద కప్పి, మూడు రోజులు ఆరనివ్వలేదు. రాత్రి లేచి చూసుకునేది. చుట్టుపక్కలవాళ్ళు కొబ్బరిచిప్పలు తెచ్చి నిప్పు పట్టుకెళ్ళేవారు. దానిమీదే అందరికీ గంజి కాచారు, చంటిపిల్లలకు పాలు వెచ్చబెట్టారు. ఆ కార్తీకంలో మా ఊళ్ళో వనభోజనాలు లేవు. వనమే లేదు.

అందుకే లీటరు నీళ్ళు ఎన్ని నిమిషాల్లో అని ఎవరైనా చెబుతుంటే నాకు కోపం వస్తుంది.

కొట్లో నాలుగింటిలో మూడింటిని, నచ్చకపోతే తిరిగి తీసుకుంటామన్నాక, ఇంటికి తెచ్చి పెరట్లో పెట్టాను. ఒక్కోదానిమీద అరలీటరు పాలు. పొంగకుండా, అడుగంటకుండా, మంట ఆరకుండా అరగంట నిలవాలి. మొదటిది ఏడో నిమిషంలో పొంగించింది. రెండోది చిన్న గాలికే రెండుసార్లు ఆరింది. మూడోది ప్రొపేన్‌తో నడిచే రెండు పొయ్యిల స్టవ్వు. మంట వెడల్పుగా వస్తుంది, మూడువైపులా గాలికి అడ్డు ఉంది, డబ్బాలో ఒత్తిడి తగ్గినా సెగ మారకుండా చూసే రెగ్యులేటరుంది. బరువెక్కువ, వీపున మోసుకెళ్ళడానికి పనికిరాదు. మేం కారులో వెళ్ళేవాళ్ళం. అరగంటయ్యేసరికి పాలమీద మందంగా మీగడ కట్టింది, రంగు కొంచెం తిరిగింది.

మిగతా రెండూ తిరిగిచ్చేటప్పుడు ఈ పాల సంగతి ఆ కుర్రాడికి చెప్పాను. శ్రద్ధగా విని, వచ్చేవాళ్ళకు తనూ చెబుతానన్నాడు.

వచ్చే శనివారం మళ్ళీ ఆ క్యాంపుకే వెళ్తున్నాం. ఆ ఎత్తులో కంద మెత్తబడాలంటే కుక్కరు ఉండాలి, పెట్టుకున్నాను. బచ్చలి మా పెరట్లోదే.