ముందు అడిగే ప్రశ్న



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో అడిగాడు: "అన్నా, నువ్వు తెలుగు సారువి కదా, ఆదివారం ఆదివారం పాత కంప్యూటర్లు ముందేసుకుని కూర్చుంటవెందుకు? దానికీ మన ఉద్యమానికీ ఏం సంబంధం?"

మంచి ప్రశ్న. ఈ భాగం మొత్తం దానికి జవాబే.

మనం సాయం కోసం ఒకరి దగ్గరికి పోతే ముందు ఏం అడుగుతారు? ఏ ఊరు అంటారు. ఊళ్ళో ఎటు వైపు అంటారు. ఇంటిపేరేంటి అంటారు. ఈ మూడూ దాటినాకే మన సమస్య వాళ్ళ చెవికెక్కుతుంది. బ్యాంకులో ఇదే వరస, ఆఫీసులో ఇదే వరస, యూనివర్సిటీలో గైడు గదిలోనూ ఇదే వరస. మన పిల్లలు క్లాసులో చెయ్యెత్తరని తోటి లెక్చరర్లు విసుక్కుంటుంటారు. వాళ్ళకు ప్రశ్నలు లేక కాదు. అడిగితే ముందు తామెవరో చెప్పుకోవాల్సి వస్తుందని.

లినక్స్ వాడేవాళ్ళు ఒకరికొకరు సాయం చేసుకునేచోట ముందు అడిగే ప్రశ్న వేరు. "ఏ వెర్షన్? ఎర్రర్ ఏమని వచ్చింది? నువ్వు ఇప్పటిదాకా ఏం చేసి చూశావు?" మూడు ప్రశ్నలూ సమస్య గురించే. నీ గురించి ఒక్కటీ లేదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. 1991లో ఫిన్లాండ్‌లో చదువుకుంటున్న 21 ఏళ్ళ లినస్ టోర్వాల్డ్స్ తాను రాసిన కెర్నల్‌ను బయటపెట్టాడు. ఈ రెండూ కలిసి పెరిగిన వ్యవస్థనే మనం లినక్స్ అంటున్నాం. దీన్ని ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చదవొచ్చు, మార్చుకోవచ్చు, మార్చింది నలుగురికీ పంచొచ్చు. మౌఖిక సాహిత్యం మీద పిహెచ్‌డి చేసిన నాకు ఇది కొత్తగా అనిపించలేదు. జాంబపురాణం డక్కలి పెద్ద నోట ఒకలా ఉంటుంది, చిందు కళాకారుల ఆటలో ఇంకోలా ఉంటుంది. తాత చెప్పిన కథకు మనవడు తన మాట కలిపితే అది దొంగతనం కాదు. అట్లా కలుపుతూ వచ్చారు కాబట్టే ఆ కథ బతికింది.

నా పరిశోధన కోసం ఊళ్ళు తిరిగి రికార్డు చేసిన ఆ గొంతులన్నీ ఒక హార్డ్ డిస్కులో ఉండేవి. 2016లో సిద్ధాంత వ్యాసం రాస్తుండగా ఒకరోజు ఆ డిస్కు తెరుచుకోలేదు. అందులో పాడిన పెద్దల్లో ఒకాయన అప్పటికే చనిపోయాడు. మళ్ళీ పోయి పాడించుకునే వీల్లేదు. రికవరీ షాపులో ఇరవై రెండు వేలు అడిగారు, అదీ గ్యారంటీ లేకుండా. నాకు నాలుగు నెలలుగా ఫెలోషిప్ రాలేదు.

ఇంజనీరింగ్ చదివే ఒక జూనియర్ నన్ను లినక్స్ వాలంటీర్లుండే ఒక చాట్‌లో కూర్చోబెట్టాడు. ముక్కూ మొహం తెలియని మనిషి ఒకరు జవాబిచ్చారు. ఆడో మగో, ఏ దేశమో ఇప్పటికీ తెలియదు. మొదటి మాట: "ఆ డిస్కు మీద ఏమీ రాయకు. రిపేరు చేయాలని చూడకు. ముందు నకలు తీయి." ఒక స్నేహితుడి దగ్గర పెద్ద ఖాళీ డిస్కు తెచ్చుకున్నాను. డిడి రెస్క్యూ అనే ప్రోగ్రామ్ ఎట్లా నడపాలో ఒక్కో కమాండ్ చెప్పారు. అది ముందు డిస్కులో బాగున్న భాగాలను చదివేస్తుంది. మొండికేసిన చోట ఆగిపోకుండా దాటి, చివర్లో మళ్ళీ వాటి దగ్గరికి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు.

రెండు రాత్రులు పట్టింది. ఆ నకలు మీద ఫోటోరెక్ నడిపితే ఆడియో ఫైళ్ళు చాలావరకు వచ్చాయి. పేర్లు మాత్రం అన్నీ పోయాయి, అంకెలే మిగిలాయి. ఒక్కోటి విని, గొంతు గుర్తుపట్టి, మళ్ళీ పేర్లు పెట్టుకున్నాను. నేనేమివ్వాలని ఆ మనిషిని అడిగితే వచ్చిన జవాబు ఒక్కటే: చేసినదంతా వరసగా రాసిపెట్టు, తర్వాత వచ్చేవాళ్ళకు పనికొస్తుంది.

ఇది విని అక్కడ కులమే లేదనుకునేరు. కులం కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. రాత్రంతా మేలుకుని ఉచితంగా సాయం చేయాలంటే తీరిక ఉండాలి, ఇంట్లో నెట్ ఉండాలి, ఇంగ్లీషు రావాలి. ఈ మూడూ మన దేశంలో ఎవరి దగ్గర పోగుపడ్డాయో మనకు తెలుసు. కొత్తవాళ్ళు అడిగితే "మాన్యువల్ చదువుకో పో" అని కసిరే అలవాటూ అక్కడ పాతదే. టోర్వాల్డ్స్ కూడా కటువుగా మాట్లాడతాడని పేరుపడ్డవాడే. 2018లో తన తీరుకు బహిరంగంగా క్షమాపణ చెప్పి కొన్నాళ్ళు పక్కకు తప్పుకున్నాడు. అప్పుడే కెర్నల్ ప్రాజెక్టు ఎట్లా మెలగాలో చెప్పే కొత్త నియమావళి పెట్టుకుంది. అవమానం ఎదురైతే మనిషి అడగడం మానేస్తాడని అంత పెద్ద ప్రాజెక్టుకు కూడా అర్థం కావడానికి ఇరవై ఏళ్ళు దాటింది. మనకది పుట్టుకతోనే తెలుసు.

అందుకే ఆ పద్ధతిని మన చేతుల్లోకి తెచ్చుకోవాలి. బెంగళూరులో సుదర్శన్ లేఔట్ అనే బస్తీలో అంబేద్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ పెట్టారు. వాలంటీర్లు బస్తీ పిల్లలకు గ్నూ లినక్స్ నేర్పారు, ఆ పిల్లలు గింప్‌లో బొమ్మలు గీశారు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పని లేకపోయింది.

మా స్టడీ సర్కిల్ గదిలో ఉన్నది ఒక పాత డెస్క్‌టాప్. డెబియన్ వేసి సర్వర్‌గా వాడుతున్నాం. పాత ప్రశ్నపత్రాలు, బాబాసాహెబ్ రచనలు, ఆ జాంబపురాణం రికార్డింగులు అందులో ఉన్నాయి. మొన్న నెలలో ఫైళ్ళు ఎక్కడం ఆగిపోయింది. ఫస్టియర్ చెల్లెలు ఒకామె ముందుకొచ్చి డిఎఫ్ కమాండ్ కొట్టింది. డిస్కు నూటికి నూరు శాతం నిండి ఉంది. డియు కమాండ్‌తో ఒక్కో ఫోల్డరూ చూసుకుంటూ పోతే ఒక ప్రోగ్రామ్ ఆపకుండా రాస్తున్న లాగ్ ఫైళ్ళు దొరికాయి. పాతవి తీసేసి, ఇక ముందు అవి పెరగకుండా లాగ్ రొటేట్ పెట్టింది. తర్వాత మా నోట్‌బుక్ తీసి తెలుగులో మూడు విషయాలు రాసింది: వచ్చిన ఎర్రర్ ఉన్నదున్నట్టు, ఏమేం చేసి చూశామో, దేనితో బాగైందో.

మా గదిలో ఒక్కటే నియమం. జవాబు దొరికినవాళ్ళు దాన్ని రాయకుండా ఇంటికి పోకూడదు. విద్యను తరతరాలుగా మనకు అందకుండా దాచినవాళ్ళ మీద మాట్లాడుతున్నాం కదా, మనం నేర్చుకున్నది మనమే దాచుకుంటే ఎట్లా? బాబాసాహెబ్ ఇచ్చిన మూడు మాటల్లో మొదటిది బోధించు. నీకొక్కడికి చదువొస్తే సరిపోదు, దాన్ని పక్కవాడికి అందించాలి.

వచ్చే ఆదివారం పొద్దున పదింటికి రండి. ఉబుంటులో ఐబస్ పెట్టుకుని తెలుగు టైపింగ్ ఎట్లా చేయాలో చూద్దాం. పాత ల్యాప్‌టాప్ ఉంటే తెండి, లేకపోతే పెన్‌డ్రైవ్ తెండి, అదీ లేకపోతే ప్రశ్న తెండి. తలుపు దగ్గర ఎవరూ మీ ఇంటిపేరు అడగరు. ఎర్రర్ ఏమని వచ్చిందో మాత్రం తప్పకుండా అడుగుతాం.

మిగతాది వచ్చే భాగంలో.