డొంక దారిన అద్దంకి సీమ

అద్దంకి అనగానే తెలుగువాళ్లలో చాలామందికి ముందు గుర్తొచ్చేది ఒక రోడ్డు. నార్కెట్‌పల్లిలో బయల్దేరి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, నరసరావుపేటల మీదుగా దక్షిణానికి దిగే ఆ దారి ఈ ఊరు దాటాక మేదరమెట్ల దగ్గర జాతీయ రహదారిలో కలుస్తుంది. హైదరాబాదు నుంచి ఒంగోలుకో నెల్లూరుకో పోయేవాళ్లు అద్దంకిని నిద్రలోనే దాటేస్తారు. పగటిపూట ప్రయాణమైనా కిటికీలోంచి కనిపించేవి నల్లరేగడి మీద పత్తి చేలు, మిరప తోటలు, దూరాన ఎక్కడో ఒక బోడికొండ. ఇక్కడ చూడ్డానికి ఏముందని బయటివాళ్లు అడిగితే అర్థం చేసుకోవచ్చు. ఈ సీమలో పుట్టి పెరిగినవాళ్లూ ఆ మాటే అంటారు. ఆ మాట తప్పని నా వాదన. ఒక్కో గుడినీ, ఒక్కో కోటనూ, ఒక్కో రేవునూ విడదీసి లెక్కగడితే ఇక్కడ ప్రతిదీ చిన్నదే, ప్రతిదీ సగం కూలిందే. అద్దంకిని నడుమ పెట్టుకుని ఏటినీ, కొండనీ, సముద్రాన్నీ ఒక చుట్టుగా తిరిగి చూస్తే ఒకచోట మిగిలిన ప్రశ్నకు ఇంకోచోట జవాబు దొరుకుతుంది.

ముందు ఊరినే తీసుకుందాం. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు వేయించిన శాసనం ఇక్కడిది. కాలం క్రీ.శ. 848 ప్రాంతం. అందులో తరువోజ పద్యం ఉంది. నన్నయ భారతానికి దాదాపు రెండు వందల ఏళ్ల ముందే తెలుగు పద్యం రాతికెక్కిందనడానికి అది సాక్ష్యం. పాఠ్యపుస్తకం ఆ తేదీ దగ్గర, ఆ ఛందస్సు పేరు దగ్గర ఆగిపోతుంది. శాసనం మాట్లాడేది మాత్రం నేల గురించి: పన్నెండు బోయ కొట్టాలు గెలిచిన సంగతి, కందుకూరును బెజవాడకు దీటుగా చేసిన సంగతి, పుట్ల లెక్కన కొలిచిన భూమిని దానమిచ్చిన సంగతి. నేలను అది పట్టే ధాన్యంతో కొలిచిన కాలం అది. దాదాపు అయిదు వందల ఏళ్ల తరవాత ప్రోలయ వేమారెడ్డి ఈ ఊరినే రాజధాని చేసుకున్నాడు. ఎర్రన హరివంశాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఒక శాసన పద్యానికీ, కవిత్రయంలో మూడోవాడికీ ఒకే మైదానపు ఊరు చోటివ్వడం కాకతాళీయమని నేననుకోను. నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి వచ్చే గుండ్లకమ్మ ఈ ఊరి పక్కనుంచే సముద్రానికి పోతుంది. ఏటి నీళ్లు, రేగడి పంట, పడమటి అడవికీ తూర్పు రేవులకూ నడుమ చోటు. రాజ్యం పెట్టాలనుకున్నవాడికి ఇంతకంటే ఏం కావాలి?

నల్లరేగడిని అర్థం చేసుకోకుండా ఈ సీమను చూడడం కుదరదు. వానకు ఉబ్బి కాళ్లకు బంకలా పట్టుకునే మట్టి, ఎండకు చెయ్యి దూరేటంత నెర్రెలు విచ్చుతుంది. దాని మీద బరువైన కట్టడం నిలబెట్టడం ఎప్పుడూ కష్టమే. అదే మట్టి వానాకాలపు చెమ్మను కడుపులో దాచుకుని, కాలువ నీళ్లు చూడని చేలో కూడా పత్తిని పండిస్తుంది. కట్టడానికి పనికిరాని గుణమూ, పంటకు పనికొచ్చే గుణమూ ఒకటే. అందుకేనేమో, ఇక్కడ కన్నూ మనసూ రెండూ గుట్టల వైపే పోతాయి. అద్దంకికి అయిదారు కిలోమీటర్లలో సింగరకొండ ఉంది. పైన నరసింహస్వామి, కింద ఆంజనేయస్వామి, పక్కనే భవనాశి చెరువు. ఆ చిన్న గుట్ట ఎక్కినా చాలు, చుట్టూ నేల ఎంత చదునో, అందులో ఎత్తుకు ఎంత విలువో తెలిసిపోతుంది.

ఆ తెలివితో ఉత్తరానికి పోతే కొండవీడు వేరుగా కనిపిస్తుంది. ప్రోలయ వేముడి కొడుకు అనవోతారెడ్డి రాజధానిని అద్దంకి నుంచి అక్కడికి మార్చాడు. ఎందుకు మార్చాడన్న ప్రశ్నకు పుస్తకం యుద్ధాల జాబితా ఇస్తుంది. అద్దంకి చూసి వచ్చినవాడికి ఆ జాబితా అక్కరలేదు. మైదానంలో శత్రువుకు అడ్డమేదీ లేదు. కొండవీడులో కొండల వరసే కోట, దాని మీద గోడలు, బురుజులు, వానను పట్టి ఉంచే చెరువులు. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అని వాటి పేర్లు. కొండ మీద నీళ్లు లేకపోతే ఎంత ఎత్తు గోడైనా ముట్టడిలో పనికిరాదు కదా. ఈ సీమలో చరిత్రా ప్రకృతీ వేరువేరు సందర్శనలు కావని ఆ చెరువుగట్టు మీద నిలబడితే తెలుస్తుంది. పెదకోమటి వేముడి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నదీ ఈ కొండ నీడనే. 1515లో కృష్ణదేవరాయలు గెలుచుకున్నదీ దీన్నే. అద్దంకి నుంచి అటు పోయే దారిలోనే కోటప్పకొండ తగులుతుంది. శివరాత్రికి పల్లెపల్లె నుంచీ ప్రభలు కట్టుకుని జనం అక్కడికి చేరుతారు. కొండను చూడ్డానికి ఊళ్లకు ఊళ్లు కదిలే అలవాటు మనకు ఉండనే ఉంది. అది ఏడాదికి ఒక్క రాత్రికే పరిమితమైంది.

తూర్పున మోటుపల్లి. ఇవాళ అది ఇసుక నేల మీది చిన్న ఊరు. వీరభద్రస్వామి గుడి దగ్గరి స్తంభం మీద కాకతి గణపతిదేవుడి అభయశాసనం ఉంది, కాలం 1244-45. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారు. ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప ఏదీ ముట్టబోమని ఆయన దేశదేశాల వర్తకులకు మాటిచ్చాడు. ఎగుమతికైనా దిగుమతికైనా సుంకం ముప్పయింట ఒక వంతు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటేవాడికి సొమ్మే ప్రాణం కంటే ఎక్కువని గ్రహించి, ఆ సొమ్మును కాచిన రాజు మాట అది. ప్రపంచ వర్తక చరిత్రలో దీనికి చోటుండాలని నేను గట్టిగా నమ్ముతాను. కొండవీడుకు పోయిన అనవోతుడూ 1358లో ఇదే రేవులో వర్తకులకు అభయమిచ్చాడు. ఇప్పుడు మూడు చోట్లూ ఒక తాటి మీదికొస్తాయి: అద్దంకి నేల, కొండవీడు కాపు, మోటుపల్లి అమ్మకం. ఆ అమ్మకంలో ముఖ్యమైనది బట్ట. మార్కో పోలో కాకతీయ రాజ్యాన్ని మోటుపల్లి పేరుతోనే పిలిచి, ఇక్కడి సన్నని నూలు వస్త్రాన్ని సాలెగూటితో పోల్చాడు. చేలో కనిపించే పత్తికీ, కొద్ది దూరంలోని చీరాల మగ్గాలకూ వెనక ఇంత పొడుగు కథ ఉంది. మిరప మాత్రం కొత్త చుట్టం. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చింది. ఎర్రన, శ్రీనాథుడు, రుద్రమదేవి ఎవరూ దాన్ని రుచి చూడలేదు. వాళ్లకు కారమంటే మిరియమే, ఆ మిరియం పేరునే మిరపకాయ పంచుకుంది.

ఇదంతా చదువుకున్నవాడికి సరే, కంటికి కనిపించేది కూలిన గోడలూ అరిగిన అక్షరాలే కదా అని ఒకరనవచ్చు. నిజమే. అయినా చిన్నవాటినే కలిపి చూపించవచ్చు. ఫ్రాన్సును చూడండి. అక్కడ సుమారు 35 వేల కమ్యూన్లున్నాయి, ఎక్కువ భాగం మన పంచాయతీలంత కూడా ఉండవు. వాటిలో ఎన్నింటికో ఉన్నది ఒక పాత చర్చి, ఒక వాగు, ఒక బట్టలుతికే తొట్టి. 1947 నుంచి అక్కడ దూరపు కాలిబాటల మీద తెలుపు, ఎరుపు గీతలు పూసి నడిచేవాడికి దారి చూపుతున్నారు. చిన్న ఊళ్లను కలుపుతూ పోయే బాటే అక్కడ సందర్శన స్థలం. మనకు అలాంటి బాటలు కొత్తగా వెయ్యాల్సిన పని లేదు. డొంకలున్నాయి. ఊరికీ ఊరికీ, ఊరికీ ఏటికీ మధ్య బండ్లు నడిచిన దారులు, రెవెన్యూ పటాల్లో పోరంబోకుగా నమోదైన దారులు. నడిచేవాళ్లు తగ్గిన చోట అవి దున్నినకొద్దీ సన్నబడి గట్లలో కలిసిపోతున్నాయి.

జనం వస్తే చోటు పాడవుతుందన్నది రెండో అభ్యంతరం. ప్లాస్టిక్ సంచుల బెడద చూసినవాళ్లెవరూ దీన్ని కొట్టిపారెయ్యలేరు. కానీ జనం కన్ను లేకపోతే ఏమవుతుందో భట్టిప్రోలు చెబుతుంది. క్రీస్తు పూర్వపు స్తూపం అది. పందొమ్మిదో శతాబ్దంలో దాని ఇటుకా రాయీ రోడ్లకూ కాలువ పనులకూ తరలిపోయాయి. 1892లో అలెగ్జాండర్ రే తవ్వే నాటికి మిగిలిన దిబ్బలోంచే ధాతు కరండాలు, వాటి మీద తెలుగు నేలపై దొరికిన అతి పాత రాతల్లో కొన్ని బయటపడ్డాయి. అంతకు ముందు పోయినదాంట్లో ఏముందో ఇక ఎవరికీ తెలియదు. గుప్తనిధుల కోసం గుళ్లలో రాత్రిపూట గునపం దిగేదీ పగలు ఎవరూ రాని చోటే. దీనికి ఎదురుగా గుంటూరు పక్కన ఉప్పలపాడు ఉంది. ఊరి చెరువులో గూడబాతులూ కొంగలూ పిల్లలు చేస్తుంటే ఊరివాళ్లే కాపలా అయ్యారు. చూసేవాళ్లు వస్తున్నారన్న స్పృహ కూడా ఆ కాపలాలో భాగమే.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం రైతుది. పత్తి ధర పడిపోయి, మిరపకు తెగులు తగిలిన ఏడాది శాసనాలు చూపిస్తే అప్పు తీరుతుందా? తీరదు. పర్యాటకం ఈ పల్లెలను గట్టెక్కిస్తుందని చెప్పడం అబద్ధం, ఆ ఆశ నేను పెట్టను. నేనడిగేది చాలా తక్కువ. డొంక ఆక్రమణ కాకుండా ఉంటే నడిచేవాడికంటే ముందు చేలోంచి మూట దించుకునే రైతుకే మేలు. చెరువు పూడకుండా ఉంటే పక్షికంటే ముందు గొడ్డుకు నీళ్లు. ఒక రాతి గుర్తు, నాలుగు వరసల బోర్డు, ఆ ఊరి బడిపిల్లలకు ఆ వరసల అర్థం తెలియడం, ఇంతవరకు పంచాయతీ చెయ్యగలదు. మొదలుపెట్టడానికి అద్దంకి నుంచి సింగరకొండ దాకా ఉన్న నేల చాలు. వానాకాలంలో రేగడి కాలు కదలనివ్వదు, వేసవిలో ఎండ నిలవనివ్వదు. కార్తీకం వెళ్లాక శివరాత్రి దాకా డొంకలు పొడిగా ఉంటాయి. అప్పటికి చేలో పత్తి పగిలి తెల్లగా ఉంటుంది, మిరప పండి కల్లాలకు చేరుతుంటుంది.