ఖాళీ డిస్కుపై ఉన్న అంకె

ఖాళీ డిస్కుల డబ్బాపై "16 ఎక్స్" అనీ, "52 ఎక్స్" అనీ పెద్ద అక్షరాలతో ముద్రించి ఉంటుంది. చూచినవారు అది ఆ డిస్కు ప్రతాపమని భావించుట సహజం. వాస్తవమునకు అది ఒక హద్దు. ఇంత వేగము వరకు వ్రాసినను తట్టుకొందునని డిస్కు చెప్పుకొను మాట అది. వ్రాసే యంత్రమునకు కూడ ఆ శక్తి ఉండవలెను గదా! ఎనిమిది ఎక్స్ రైటరులో పదహారు ఎక్స్ డిస్కు పెట్టినంత మాత్రాన యంత్రము పదహారుతో పరుగెత్తదు.

ఈ విషయము మాకు పుస్తకముల వలన తెలియలేదు. మన కళాశాల వార్షికోత్సవాలలో జరిగిన ముషాయిరాలు, తెలుగు కవి సమ్మేళనాలు ఏళ్ల తరబడి క్యాసెట్లలో ఉండేవి. టేపు నానాటికి సాగిపోవుచుండగా, 2005 ప్రాంతంలో వాటిని డిస్కులకు ఎక్కించు పని మాకు అప్పగింపబడినది. ఆ గొంతులలో కొన్ని అప్పటికే ఈ లోకమున లేవు. కావున ఒక్కొక్క డిస్కును భయభక్తులతో వ్రాసితిమి. డిస్కులు సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు నుండి వచ్చేవి. విచిత్రమేమనగా, రెండు డబ్బాలపైనను 16 అనియే ఉన్నది. ఒక డబ్బాలోని డిస్కులపై మా రైటరు చకచక వ్రాసేది. రెండవ డబ్బాలోనివి పెట్టగానే నాలుగుకు మించనని మొండికేసేది.

కారణము తెలిసిన తరువాత యంత్రముపై కోపము పోయినది. ఖాళీ డిస్కు పూర్తిగా ఖాళీ కాదు. దాని గాడిలో తయారీదారు సంకేతము, అనుమతించిన వేగములు ముందే చెక్కి ఉంటవి. రైటరు మొదట ఆ సంకేతమును చదివి, తనలో నిక్షిప్తమైన పట్టికలో వెదకుకొనును. ఏ డిస్కునకు లేసరు ఎంత బలముతో, ఎంతసేపు తగలవలెనో ఆ పట్టికలో ఉంటుంది. ఈ పట్టిక రైటరు ఫర్మ్‌వేరులో భాగము. పట్టికలో లేని డిస్కు ఎదురైతే, అపరిచితునితో మాటలాడినట్లు, సాధారణముగా తక్కువ వేగముతో మెల్లగా సాగించును.

లేసరు చేయు పని తాటాకుపై గంటము చేయు పని వంటిదే. డిస్కులోని రంగుపొరను అది వేడితో మార్చును. గంటము లోతుగా దిగితే ఆకు చిరుగును, పైపైన తగిలితే అక్షరము పడదు. కాతిబు కూడ కాగితము ఎరిగి గాని కలము కదల్చడు. వేగము పెరిగిన కొలది ఒక్కొక్క గుర్తునకు లభించు కాలము తగ్గును, అందుచేత లేసరు బలము పెరుగవలెను. ఆ బలమునకు తగిన పొర డిస్కులో ఉండవలెను.

పరిచయము లేకుంటే నష్టము ఎంతవరకు పోవచ్చునో ఒక ఉదాహరణ చాలును. 4 ఎక్స్ డీవీడీ-ఆర్ డిస్కులు వచ్చిన కాలమున, 2002లో, తమ పాత రైటర్లు కొన్ని కొత్త ఫర్మ్‌వేరు లేకుండ వాటిపై వ్రాయబూనితే యంత్రమునకే హాని కలుగవచ్చునని పయనీర్ సంస్థ హెచ్చరించవలసి వచ్చినది. చెరిపి తిరిగి వ్రాయు సీడీలలోనైతే "హై స్పీడ్" రకము పాత నాలుగు ఎక్స్ రైటర్లలో అసలు వ్రాయబడదు.

ఇక ఆ "ఎక్స్" అను అక్షరము సంగతి. సీడీకి ఒక ఎక్స్ అనగా సెకనుకు 150 కిలోబైట్లు. డీవీడీకి ఒక ఎక్స్ అనగా 1385 కిలోబైట్లు, అనగా తొమ్మిది రెట్లకు పైగా. కాబట్టి 52 అంకె గల సీడీ కంటె 16 అంకె గల డీవీడీపైనే సెకనుకు ఎక్కువ సమాచారము వ్రాయబడును. అదియునుగాక, 16 అను వేగము డిస్కు వెలుపలి అంచు వద్దనే అందును. వ్రాత లోపలి నుండి మొదలగును గనుక ఆరంభమున వేగము అందులో సగమునకు లోపే. లెక్క ప్రకారము మూడున్నర నిమిషములు పట్టవలసిన 4.7 గిగాబైట్ల డిస్కునకు ఆరు నిమిషములు పట్టుట ఇందువలననే.

అతి నెమ్మదిగా వ్రాసినదే మన్నునని కొందరు మిత్రులు వాదింతురు. మేము అంగీకరింపము. వేగమునకై తయారైన పొరకు మరీ మందగమనము కూడ సరిపడదు. పదహారు ఎక్స్ డిస్కును ఎనిమిదిలో వ్రాసి, వ్రాసిన వెంటనే సరిచూచుకొనుట, వీలైతే మరొక యంత్రములో కూడ చదివించి చూచుట మా పద్ధతి. తొందర ఉన్న విద్యార్థులకు ఇది నచ్చేది కాదు!

ఇప్పుడు డిస్కుల కాలమే ముగియుచున్నది. జపానులో తైయో యుదెన్ 2015లో ఈ వ్యాపారము నుండి తప్పుకొన్నది. మన దేశమున ఇంటింటికి డిస్కులు చేర్చిన మోసర్ బేర్ 2018లో మూతపడు దశకు వచ్చినది. కొత్త కంప్యూటర్లలో చాలావాటికి డిస్కు పెట్టు చోటే లేదు. మన గ్రంథాలయపు బీరువాలో ముషాయిరా డిస్కులు ఇంకను రెండు అరల నిండ ఉన్నవి. అన్నియు ఇంతవరకు పలుకుచున్నవి. వాటిని హార్డు డిస్కునకు ఎత్తుటకై బయట తగిలించు డీవీడీ డ్రైవు ఒకటి, హార్డు డిస్కులు రెండు ఈ సంవత్సరమే మంజూరు చేయవలసినదిగా కమిటీవారిని కోరుచున్నాము. వేసవి సెలవులలో ఇద్దరు విద్యార్థులు తోడైన యెడల పని పూర్తి చేయగలము.