సగం దగ్గరి రీడింగు

ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో రాజీవ్ రహదారి దిగి గజ్వేల్ చేరేసరికి డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ప్రాక్టికల్స్ మొదలైపోయాయి. ఆ పూట పని అసిటిక్ ఆమ్లం వియోజన స్థిరాంకం కనుక్కోవడం.

పీహెచ్ మీటరును 4, 7 బఫర్లలో సరిచేశారు. ఒకమ్మాయి ఎలక్ట్రోడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కొసనున్న గాజుబుడ్డిని రుద్దకుండా టిష్యూతో మెల్లగా అద్ది, 0.1 మోలార్ ఆమ్లంలో ముంచింది. 2.93, 2.90... అంకెలు కదులుతూనే ఉన్నాయి.

"ఆగుతలేదు మేడమ్!"

"ఆగుతది, తొందరపడకు."

2.88 దగ్గర నిలిచింది. అదే గాఢతలో హైడ్రోక్లోరిక్ ఆమ్లమైతే 1కి దగ్గరగా చూపేది. ఇక్కడ నూటికి ఒక అణువు విడిపోయిందంతే. లెక్క కడితే స్థిరాంకం సుమారు 1.76 × 10⁻⁵ వచ్చింది. పుస్తకంలో ఉన్నదీ దాదాపు ఇంతే.

అయితే ఈ ఒక్క రీడింగును నమ్ముకోవడం నాకు నచ్చదు. ఇందులో హైడ్రోజన్ అయాన్ గాఢతను వర్గం చేస్తాం కాబట్టి మీటరు 0.1 తప్పితే పీకేఏ (స్థిరాంకపు రుణ లాగరిథం) 0.2 తప్పుతుంది. ఆమ్లం గాఢత కూడా కచ్చితంగా తెలిసి ఉండాలి. టైట్రేషన్‌లో ఆ బాధలు తక్కువ. బ్యూరెట్‌లోంచి సోడియం హైడ్రాక్సైడ్ కొద్దికొద్దిగా వదులుతూ ప్రతిసారీ పీహెచ్ రాసుకుని గ్రాఫు గీశారు. 20 మి.లీ. దగ్గర గీత నిట్టనిలువుగా లేచింది, అంటే ఆమ్లమంతా తటస్థమైపోయింది. అందులో సగం, 10 మి.లీ. దగ్గర ఆమ్లం, అసిటేటు సమానం. హెండర్సన్ సమీకరణంలో లాగరిథం సున్నా అయిపోతుంది, పీహెచ్చే పీకేఏ. గ్రాఫులో 4.74 కనబడింది. 25 డిగ్రీల దగ్గర ప్రామాణిక విలువ 4.76. పైగా అక్కడ గీత దాదాపు చదునుగా ఉంటుంది కనుక చుక్క అటూఇటూ అయినా పెద్ద నష్టం లేదు. చేత్తో గ్రాఫు గీయించడం ఎందుకో ఆ చదును చూస్తే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు వదిలేయకూడని పని ఇది.

"చింతపండు పులుసుతో చేస్తే మేడమ్?" అడిగాడొక అబ్బాయి.

మంచి ప్రశ్న. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రెండు ప్రోటాన్లు వదులుతుంది. దాని పీకేఏలు సుమారు 3.0, 4.4. అంత దగ్గరగా ఉంటే గ్రాఫులో రెండు మెట్లు విడివిడిగా కనబడవు, ఒకటే లేస్తుంది. సగం దగ్గర చూసే కిటుకు అక్కడ చెల్లదు.

"మరెట్ల?"

"రీడింగులన్నీ కావాలె" అంటూ మేడమ్ బోర్డు మీద రెండు స్థిరాంకాలకూ కలిపి సమీకరణం రాయడం మొదలుపెట్టారు.