యాష్‌ట్రే వెనుక వర్ణం

నస్రుల్లాబాద్‌లోని మా ఇంటి పశువులకొట్టంలో ముప్పై రెండేళ్లుగా నిలిచిపోయిన నాన్నగారి ఫియట్ 1100 కారును గత మాఘమాసంలో ట్రాక్టరుకు కట్టి బాన్సువాడకు చేర్చాము. అమ్మకు ఎనభై మూడేళ్లు. "ఒక్కసారి ఆ బండిల నన్ను నిజాంసాగర్ కట్టమీదికి తీస్కపోరా" అని ఆమె అడగడమే దీనికి కారణం. ఇంజను విషయం నేను భయపడినంత కష్టం కాలేదు. దశాబ్దాలపాటు బొంబాయి వీథులలో టాక్సీలుగా తిరిగిన జాతి కారు అది. విడిభాగాలు వెదికితే ఇంకా దొరుకుతున్నాయి. కష్టమంతా రంగుతో వచ్చింది. అదీ వెలుపలి రంగుతో కాదు, లోపలి రంగుతో.

ఈనాటి కార్లలో డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్. దాని రంగు దాని పదార్థంలోనే కలిసి పుడుతుంది. ఆనాటి ఫియట్‌లో డ్యాష్‌బోర్డు ఇనుపరేకు. తలుపుల పైభాగాలు, అద్దాల చుట్టూ ఉండే అంచులు కూడా రేకులే. వాటికి వేసిన రంగే లోపల కూర్చున్నవారి కంటికి ఆకాశం వంటిది. మా కారులో ఆ ఆకాశం ముదురు గోధుమరంగులో ఉంది. అది నేను వేసిన రంగు.

1991లో నాన్నగారు పక్షవాతంతో మంచం పట్టినప్పుడు బండిని అమ్మివేయాలని నిశ్చయించినవాడిని నేనే. లోపల పాతబడినట్లు కనబడితే ధర పలకదని, ఇంటి తలుపులకు తెచ్చిన ఎనామెల్ డబ్బాలో మిగిలినదాన్ని బ్రష్షుతో రెండు పూతలుగా పూశాను. ఆయన వాకిట్లో మంచం మీదనుంచి చూస్తూ ఉన్నారు. ఏమీ అనలేదు. బేరం కుదరలేదు. ఆరు నెలలకు ఆయన వెళ్లిపోయారు. కనుక బాన్సువాడలో పెయింటరు చాచాను "మూలవర్ణం కావాలి" అని అడిగినప్పుడు, నేను అడుగుతున్నది వర్ణాన్ని మాత్రమే కాదని నాకు తెలుసు.

చాచా ముందు నా గోధుమరంగును ఒక మూల నీటితో తడిపి, వాటర్ పేపరుతో రుద్దాడు. పాత రంగులలో సీసం ఉండే అవకాశం ఉన్నందువల్ల పొడిగా రుద్దరాదు, ఆ ధూళిని పీల్చరాదు. ఈ పనికి పూనుకొనేవారు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి. రుద్దుతున్నకొద్దీ చెట్టు మొద్దులోని వలయాల వలె పొరలు బయటపడ్డాయి. గోధుమరంగు క్రింద మీగడరంగు. దాని క్రింద బూడిదఛాయ కలిసిన లేత ఆకుపచ్చ. దాని క్రింద ప్రైమరు, ఆపైన ఇనుము. నేను నిర్ఘాంతపోయాను. బాల్యంలో నేను ఎరిగినది మీగడరంగే. అదే మొదటినుంచీ ఉన్నదని ఇన్నేళ్లూ ఏ సందేహమూ లేకుండా నమ్మాను.

మూలవర్ణాన్ని వెదకవలసింది ఎండ తగలని చోట. సీటు క్రింద, తలుపు అట్టల వెనుక, మీటర్ల డబ్బా ఊడదీస్తే దాని అంచు క్రింద. మా కారులో అది అన్నిటికంటె స్వచ్ఛంగా దొరికింది యాష్‌ట్రే వెనుక. నాన్నగారు పొగ త్రాగేవారు కారు. అందులో అమ్మ వక్కలు, లవంగాలు దాచుకొనేది. ఆ గూటి లోపలిరేకుపై అరచేయంత మేర లేత ఆకుపచ్చ చెక్కుచెదరక నిలిచి ఉంది. "ఇదే సత్యం" అన్నాను ఉత్సాహంగా.

చాచా నవ్వాడు. "సారూ, ఇది సుత అబద్ధమే చెప్తది. చీకట్ల ఉన్న ఎనామిల్ పచ్చబడతది. ఊడదీసి పది రోజులు ఎండల పెట్టి సూడుండ్రి."

ఎండ రంగును వెలయింపజేస్తుందని అందరికీ తెలుసు. చీకటి కూడా రంగును మారుస్తుందని నాకు తెలియదు. నూనె ఆధారంగా తయారైన ఆల్కిడ్ ఎనామెల్ వెలుతురు సోకకపోతే క్రమంగా పసుపెక్కుతుంది. తిరిగి వెలుగులో ఉంచితే ఆ పసుపు చాలామటుకు విరిగిపోతుంది. యాష్‌ట్రే గూటి రేకును విప్పి మా డాబామీద పెట్టాను. పదవ రోజుకు అది నేను చూసిన రంగు కాదు. పసిమి తగ్గి, బూడిదఛాయ తేరింది. వెలుగులో ఉన్నది వెలిసింది, చీకటిలో ఉన్నది మాగింది. 1968లో నాన్నగారు కొన్ననాటి వర్ణం ఈ రెండింటిలో ఏదీ కాదు.

న్యాయవైశేషికులు వర్ణం గురించి మనం అనుకొనేదానికంటె చాలా ఎక్కువగా ఆలోచించారు. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో రూపాన్ని కన్ను మాత్రమే గ్రహించగల గుణంగా నిర్వచించి, తెలుపు మొదలు చిత్రవర్ణం వరకు ఏడు భేదాలు లెక్కించాడు. పచ్చికుండ ఆవంలో ఎరుపెక్కినప్పుడు ఆ మార్పు ఎక్కడ జరుగుతుందన్నది వారికి పెద్ద వివాదం. కుండ పరమాణువులుగా విడిపోయి, ఆ పరమాణువులలో పాతరూపం నశించి కొత్తది పుట్టి, మళ్లీ అవి కుండగా కూడుకుంటాయని వైశేషికుల పీలుపాకవాదం. కుండ కుండగా ఉంటూనే రూపం మారుతుందని నైయాయికుల పిఠరపాకవాదం. విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ చర్చ నాకు వెంట్రుకను నిలువునా చీల్చడంగా తోచేది. డాబామీద ఒక రేకు పది రోజులలో రంగు మార్చుకోవడం చూశాక అలా తోచడం లేదు. రేకు అదే. రూపం వేరు. "అదే రేకు" అని నేను ఏ ధైర్యంతో అంటున్నాను?

రాజుల కార్లకు ఈ బాధ తక్కువ. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూసినవారు ఉంటారు. అటువంటి వాహనాలను ఎవరు ఎవరికోసం ఎలా చేశారన్నది వ్రాసిపెట్టినవారు ఉన్నారు. మా బండి రంగుకు సాక్ష్యం ఒక యాష్‌ట్రే గూడు మాత్రమే.

రేకును తీసుకొని నిజామాబాద్‌లో రంగులు యంత్రంతో కలిపే దుకాణానికి వెళ్లాము. యంత్రం ఉపరితలం మీద కాంతి వేసి, తిరిగివచ్చినదాన్ని కొలిచి, తన భాండాగారంలో ఉన్నవాటిలో సన్నిహితమైన మిశ్రమాన్ని చెబుతుంది. దానికి నాణెమంత చదునైన శుభ్రమైన చోటు చాలు. మసక ఉంటే మాత్రం ఆ మసకనే రంగుగా కొలుస్తుంది. అందుకే ముందు సబ్బునీటితో కడిగి, 2000 నంబరు వాటర్ పేపరుతో ఒక్కసారి మెత్తగా తుడిచి, పాలిష్ పట్టించాము. కలిపిన రంగును అట్టముక్కపై కొట్టి ఆరనిచ్చి చూశాము. తడి రంగును నమ్మరాదు, ఆరేసరికి ఛాయ మారుతుంది. దుకాణం ట్యూబులైటు క్రింద రెండూ ఒకటే. సంతోషంతో వీథిలోకి వచ్చి ఎండలో పక్కపక్కన పెడితే, కొత్తది స్పష్టంగా నీలిమ వైపు జరిగింది!

దీనికి కారణం ఉంది. పాత మిశ్రమంలోని వర్ణద్రవ్యాలు వేరు, నేటివి వేరు. భిన్నమైన రెండు మిశ్రమాలు ఒక దీపం క్రింద కంటికి అభిన్నంగా తోచి, మరొక కాంతిలో విడిపోగలవు. ఏ ద్రవ్యాలతో చేశారో అవే దొరికితే తప్ప అన్ని వెలుగులలోనూ సరిపోయే జోడి అసాధ్యప్రాయం. "ఏ వెలుగుల చూస్తరో ఆ వెలుగుల కలుపుదాం" అన్నాడు చాచా. కారు నడిచేది పగటిపూట. పగటి నీడలో కలిపాము.

అయినా నాకు తృప్తి కలగలేదు. డ్యాష్‌బోర్డు పక్కన పెట్టినప్పుడల్లా అట్టముక్క మరీ పచ్చగా కనబడేది. చాచా బూడిదరంగు అట్టలో రెండు రంధ్రాలు చేసి, ఒకదానిగుండా పాతదాన్ని, మరొకదానిగుండా కొత్తదాన్ని చూపించాడు. పచ్చదనం మాయమైంది. చుట్టూ ఉన్న నా గోధుమరంగే ఇంతసేపు దానికి ఆ పచ్చదనాన్ని ఆరోపించింది. మందారం పక్కన ఎర్రబడిన స్ఫటికాన్ని ఉపాధికి దృష్టాంతంగా ఎన్ని సభలలో విని ఉంటాను! ఆ మందారం నేను పూసినదే అయినప్పుడు కలిగే చురుకు ఏ సభలోనూ తెలియలేదు.

చివరకు మూడు అట్టలు తయారయ్యాయి. చీకటిలో మాగిన ఆకుపచ్చ, ఎండకు తేరిన ఆకుపచ్చ, నా బాల్యపు మీగడరంగు. ఇంటికి తెచ్చి అమ్మ ముందు పెట్టాను. ఆమెకు నిరుడు కుడికంటికి శుక్లం తీశారు. ఎడమకన్ను ఇంకా అలాగే ఉంది. ఆమె ఒక కన్ను మూసి చూసింది, రెండవది మూసి చూసింది. "ఈ కంటికి ఇది గాదు. ఈ కంటికి ఇదే" అంది. వయసుతో కంటి కటకం పసుపెక్కి నీలకాంతిని కొంత అడ్డుకుంటుంది; కొత్త కటకంలో ఆ అడ్డు ఉండదు. ఎండకు తేరిన అట్ట ఆమె పాతకంటికి మాగిన అట్ట వలె కనబడింది. దృగ్దృశ్యవివేకం కంటిని కూడా చూడబడేవాటి వరుసలోనే చేర్చి, దాని మాంద్యాన్నీ పటుత్వాన్నీ గమనించేది మరొకటి ఉన్నదని నిరూపిస్తుంది. రెండు కళ్లూ రెండు మాటలు చెబుతున్నాయని ఏ తడబాటూ లేకుండా నాకు చెప్పిన అమ్మను చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు అడిగాను, మీగడరంగు ఎప్పుడు వచ్చిందని.

"నేనే ఏపిచ్చిన. నువ్వు బడికి పోవట్టిన ఏడు. ఆకుపచ్చ నాకు చీకటి చీకటి అనిపిస్తుండె. మీ నాయనకేమో ఆకుపచ్చనే పానం. నిన్ను దవాఖాన నుంచి తెచ్చింది ఆ రంగుల్నే."

"నాన్న ఏమన్నాడమ్మా?"

"ఏమంటడు? అప్పుడు సుత ఏమనలే."

ఆ "సుత" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ముప్పై రెండేళ్లుగా నేను మోస్తున్న ఆయన మౌనానికి ఒక పూర్వజన్మ ఉన్నదన్నమాట. నేను నిందగా చదువుకున్నది ఆయన స్వభావమే కావచ్చు. లేదా అమ్మ నన్ను ఊరడించింది కావచ్చు. నిర్ణయించేందుకు ఆయన లేరు.

వేదాంతులు ప్రత్యభిజ్ఞకు ఇచ్చే ఉదాహరణ జిజ్ఞాసువులకు పరిచితమే. ఎప్పుడో ఎక్కడో చూసిన దేవదత్తుణ్ణి ఇప్పుడిక్కడ చూసి "వాడే వీడు" అంటాము. ఆ కాలాన్నీ ఈ కాలాన్నీ విడిచిపెడితే తప్ప ఆ వాక్యం పొసగదు. నేను మాత్రం 1991కి ముందున్న కాలాన్ని రంగుడబ్బాలో కొని తెచ్చి, నా రెండు పూతలూ జరగనట్లు చేయాలని చూశాను.

ఎండకు తేరిన ఆకుపచ్చనే వేయించాను. అది కర్మాగారపు రంగు అని నేను చెప్పను. నాన్నగారు బండి నడిపిన వెలుగులో నిలబడిన రంగు అది. పూత మరీ నిగనిగలాడితే ఎదుటి అద్దంలో ప్రతిఫలించి కళ్లకు కొడుతుందని చాచా మెరుపు తగ్గించాడు. యాష్‌ట్రే పక్కన, మూత వేస్తే కనబడని బెత్తెడు మేర మాత్రం ముట్టవద్దన్నాను. అక్కడ మూడు రంగులూ వలయాలుగా ఉన్నాయి, నాది కూడా.

మొన్న ఉదయం అమ్మను ముందుసీటులో కూర్చోబెట్టి బయలుదేరాను. ఆమె డ్యాష్‌బోర్డు మీద చెయ్యి వేసి అటూఇటూ నిమిరింది. రంగు గురించి ఏమీ అనలేదు. కొంగుముడి విప్పి, యాష్‌ట్రే లాగి, రెండు వక్కముక్కలు వేసి మూసింది.