నిరీక్షణ

జంషెడ్‌పూరులోని సోనారికి సమీపాన ఖర్కాయి నది సువర్ణరేఖలో కలుస్తుంది. ఆ సంగమాన్ని అక్కడివారు దోముహాని అంటారు. సువర్ణరేఖ ఇసుకను కడిగి బంగారు రేణువులు ఏరుకొని బ్రతికే వృత్తి పూర్వకాలం నుండీ ఉన్నది. దినమంతా వంగి శ్రమిస్తే దక్కేది గోటిమీద నిలిచేపాటి పసిమి మాత్రమే.

1907లో వెలసిన టాటా ఉక్కు కంపెనీ నీడలో పెరిగిన ఈ నగరానికి బ్రతుకుతెరువు వెతుక్కొంటూ వచ్చిన తెలుగువారు ఎందరో. వారిలో క్రైస్తవులూ ఉన్నారు. ఇటువంటి ఇండ్లలో పెద్దలది తెలుగు బైబిలు. పిల్లల చదువు హిందీ. ఈ రెంటి నడుమ ఒక మాట చిక్కుపడక మానదు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో పౌలు విశ్వాసానికీ ప్రేమకూ నడుమ నిలిపిన గుణాన్ని తెలుగు అనువాదకులు ‘నిరీక్షణ’ అన్నారు. హిందీవారు ‘ఆశా’ అన్నారు. హిందీలో నిరీక్షణమంటే తనిఖీ! బడికి వచ్చే తనిఖీదారు నిరీక్షకుడు. ఇంటి ప్రార్థనలో దేవుని యందలి నిరీక్షణను గూర్చి విన్న పిల్లవానికి, దేవుణ్ణి పరీక్షించడమే కాబోలునని తోచితే వాని తప్పేమున్నది?

తెలుగు అనువాదకులు ‘ఆశ’ను తప్పించుకొనడం మంచిదే అయినది. భర్తృహరి ఆశను దాటడం అతికష్టమైన నదిగా రూపించినాడు. మన వాడుకలోనూ ఆశపోతు అన్న మాట తిట్టే. నిరీక్షణలో కోరిక కంటె చూపు ముఖ్యం. రావలసినవాని కోసం గుమ్మంలో నిలిచి త్రోవవైపు సారించిన చూపు అది. హీబ్రూలోనూ ఆశించడానికీ ఎదురు చూడడానికీ ఒకే ధాతువు చాలును.

ఈ రెండు మాటల అంతరం నిఘంటువులలో కంటె ఒంగోలులో స్పష్టంగా కనిపిస్తుంది. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో మొదలైనది. ఏండ్లు గడచినా ఫలితం అత్యల్పం. 1853లో దానిని మూసివేయడమే మేలన్న చర్చ వచ్చినది. 1854 సంవత్సరాది వేకువను జూయెట్ దంపతులూ, కొద్దిమంది తెలుగు విశ్వాసులూ ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించినారు. వారు అడిగిన బోధకుడు క్లౌ ఒంగోలు చేరినది పన్నెండేండ్ల తరువాత, 1866లో.

ఆపైన 1876–78 నాటి మహాక్షామం వచ్చినది. క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం త్రవ్వే కంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించినాడు. బాప్తిస్మం కోరి వచ్చినవారిని మాత్రం ఆపినాడు. వారు వచ్చినది గింజల ఆశతోనా, దేవుని యందలి నిరీక్షణతోనా అన్నది తేలనిదే నీళ్ళలో దించనన్నాడు. కరవు తగ్గిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మం జరిగినది. ఈ సంఖ్యను చెప్పుకొని మురిసేవారు చాలామంది. దాని కంటె ఆ నిరాకరణ గొప్పది.

ఐతే ఆ కరవులో లక్షలమంది మరణించినారు. వారిలో దేవుణ్ణి పిలిచినవారు లేరా? వారి నిరీక్షణ ఏమైనట్లు? కూలికి ధాన్యం కొలిచినట్లు ప్రార్థనకు ఫలం కొలిచే లెక్క ఇక్కడ సాగదు. క్రైస్తవుడు దీనికి సమాధానం చెప్పబోడు, సిలువను చూపుతాడు. అక్కడ క్రీస్తు తన్ను విడిచినావేమని దేవుణ్ణే అడిగినాడు. విడిచిపోయినాడని నిజంగా నమ్మినవాడు ఎవరిని అడుగుతాడు? ఆ ఫిర్యాదు లోపలే నిరీక్షణ ఉన్నది. పునరుత్థానం మూడవనాటి మాట. శుక్రవారం సాయంత్రానికి అది ఎవరికీ తెలియదు.

నూట ముప్పదవ కీర్తనలో భక్తుడు తన్ను ఉదయానికై చూచే కావలివారితో పోల్చుకొన్నాడు. కావలివాడు ఉదయాన్ని తేలేడు. రాదని అనుమానించనూ లేడు. అంతవరకు మేలుకొని ఉండడమే అతని పని. రాత్రి డ్యూటీ చేసిన సోనారి కార్మికునికి ఈ కీర్తనకు వ్యాఖ్యానం అక్కరలేదు. కొలిమి వెలుగులో ఆకాశం రాత్రంతా ఎర్రబారుతూనే ఉంటుంది. అది ఉదయం కాదని అతడెరుగును.