మా నెత్తి మీది పతంగి

2023 నవంబర్ 30. వేలి మీది సిరా ఇంకా ఆరలేదు. నిర్మల్ బస్టాండ్ దగ్గర హోటల్ల అన్నదమ్ములం చాయ్ తాగుతున్నం. ఎదురుంగ కూసున్నాయన కొత్తోడేం కాదు. మా అబ్బా సైకిల్ దుకాణంల ఎన్నో పంచర్లు ఏయించుకున్నోడే. నవ్వుకుంట అన్నడు: "మీదేముంది భాయ్, పతంగికే గుద్ది ఉంటరు!"

మేమూ నవ్వినం. నవ్వకపోతే ఏమనుకుంటరో అని నవ్వినం.

ఆ ఎన్నికల్ల మజ్లిస్ నిలబడ్డది తొమ్మిది సీట్లకే. అన్నీ హైదరాబాద్, దాని పక్కలయే. నిర్మల్ మిషన్ మీద పతంగి గుర్తే లేదు. లేని గుర్తుకు మేమెట్ల గుద్దుతం? మా ఇంట్ల నాలుగు ఓట్లు మూడు దిక్కులకు పోయినయ్. ఆ ముచ్చట ఎవరికి చెప్పాలె?

ఆయన లెక్క ఆ పొద్దుది కాదు, 1948 నాటిది.

మజ్లిస్ 1927ల పుట్టింది. 1946ల కాసిం రజ్వీ చేతికొచ్చినంక రజాకార్ల పార్టీ అయింది. ఊళ్లు కాలినయ్, మనుషులు సచ్చిండ్రు. దాచేదేం లేదు. మా ఖాందాన్లనే ఒకాయన ఖాకీ తొడుక్కున్నడు. ఆయన పేరు మా ఇంట్ల ఎవరూ ఎత్తకపోయేది.

మా దాదీ పుట్టిల్లు నాందేడ్ దిక్కు. పోలీస్ యాక్షన్ అయినంక ఆమె ఇద్దరన్నలు మళ్ల ఇంటికి రాలే. వాళ్లు ఖాకీ తొడిగినోళ్లు కాదు, బట్టలు కుట్టేటోళ్లు. 27 వేల నుంచి 40 వేల మంది దాకా సచ్చిండ్రని పండిట్ సుందర్‌లాల్ కమిటీ అంచనా కట్టింది. ఎక్కువ నష్టపోయిన జిల్లాల్ల నాందేడ్ ఒకటి. ఆ రిపోర్టును ఏండ్లకేండ్లు బయటికి రానియ్యలె. మేం బడిల సదువుకున్న సెప్టెంబర్ 17ల దాదీ అన్నలు లేరు.

రజ్వీ 1957ల జైలు నుంచి ఇడుదలై పాకిస్తాన్ పోయిండు. పోలేనోళ్లం, పోవద్దనుకున్నోళ్లం ఇక్కడ మిగిలినం. ఆయన బాకీ మా పేర రాసిండ్రు.

పార్టీలకు వేర్లుంటయ్. కాదనం. మరి తక్కినోళ్ల వేర్లో? రజాకార్లను గడీలల్ల పెట్టి సాకిన దొరలు పోలీస్ యాక్షన్ అయినంక ఖద్దరు టోపీలు పెట్టుకొని ఊళ్లకు తిరిగొచ్చిండ్రు. వాళ్ల మనుమలను ఎవరూ నిలదీయరు. 1992ల బాబ్రీ కూలిన్నాడు ప్రధానమంత్రి మన మంథని నుంచి అసెంబ్లీకి పోయినాయనే. ఆ పార్టీకి ఓటేసినోళ్లను మసీదు కూలుతుంటె సూసినోళ్లని ఎవరన్నరు? అంతెందుకు, 2023ల నిర్మల్ల కమలం మీద గెలిచినాయన 2009ల ప్రజారాజ్యం మీద గెలిచిండు, నడుమ కాంగ్రెస్ల ఉన్నడు. ఆయన చేతిల ఓడిన మంత్రి 2014ల ఏనుగు మీద గెలిచి కారెక్కినాయన. వాళ్లు పార్టీ మారితే వేర్లు కూడ మారుతయ్. మేం ఓటు మార్చినా మా వేరు మారదు.

మజ్లిస్‌తోని కూడ మాకు లొల్లి ఉంది. అబ్దుల్ వాహెద్ ఒవైసీ ఈ దేశ రాజ్యాంగాన్ని ఒప్పుకొనే పార్టీని మళ్ల నిలబెట్టిండు. అయితే రజ్వీ కాలం గురించి ఇంటోళ్లతో మాట్లాడినట్టు మాతో ఎన్నడన్న మాట్లాడిండ్రా? 2012 డిసెంబర్ల అక్బరుద్దీన్ ఒవైసీ నిర్మల్ల మాట్లాడిండు. పోలీసులను పదిహేను నిమిషాలు పక్కకు జరపమన్న మాట దేశమంత తిరిగింది. జైలైంది, కేసులైనయ్. 2022 ఏప్రిల్ల కోర్టు నిర్దోషి అన్నది. ఆ సభల చప్పట్లు కొట్టినోళ్లు మాలోనూ ఉన్నరు. ఎందుకు కొట్టిండ్రో మాకెరికే. ఎప్పుడూ తల వంచి బతికెటోనికి ఒకడు గట్టిగ మాట్లాడితె ఊపిరాడినట్టయితది. సభ అయిపోయింది, మైకులు ఇప్పుకపోయిండ్రు. తెల్లారి దుకాణం తెరిచింది మాత్రం మేము. ఆ వారం అబ్బా దుకాణానికి పాత గిరాకీలు సగం రాలే.

2021 సెప్టెంబర్ 17న అమిత్ షా అదే నిర్మల్ల సభ పెట్టిండు. ఒకరికి రజ్వీ ఎవరికీ యాది మరువొద్దు. ఇంకొకరికి మా భయం తగ్గొద్దు. ఆ రెండు మైకుల నడుమ మా దుకాణం.

ఈ ఊరికి ఇంకో వేరుంది. 1860ల రాంజీ గోండును, ఆయనెంట ఉన్నోళ్లను ఉరి తీసిన వెయ్యి ఉరుల మర్రి ఇక్కడిదే. ఆయనతో కలిసి కొట్లాడినోళ్లల్ల రోహిల్లాలున్నరు. రజాకార్లకు ఎదురు రాసినందుకు 1948 ఆగస్టుల పానం ఇచ్చిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ మావోడే. నిజాం మీద కొట్లాడిన మఖ్దూం మావోడే. ఆ వేరును పట్టుకొని మమ్మల్ని ఎవరూ గుర్తువట్టరు. నిజం చెప్పాలంటె, మేం కూడ మా పిల్లలకు చెప్పలె. చెప్పకపోవుడు మా తప్పే.

ఇంకోసారి ఎవరన్న పతంగి మాటెత్తితె నవ్వం. కూసోమని చాయ్ చెప్పుతం. దాదీ అన్నల ముచ్చట చెప్పుతం. ఖాకీ తొడుక్కున్నాయన ముచ్చట కూడ దాచకుంట చెప్పుతం. ఆ తర్వాత మా ఓటెటు పోయిందో వాళ్లనే అడుగమంటం.